సభకు రానోని ఓటు ఎవరి ఖాతాల పడ్తది?

మూసీ కాల్వ | ఆదివారం, రాత్రి 8:40
ఒక్కటే ప్రశ్న అడుగుత, సుట్టు తిప్పకుండ చెప్పుండ్రి. సర్కారు మీద అవిశ్వాసం పెట్టినప్పుడు ఒక మెంబరు సభకు రాలేదనుకో. లేకుంటే వచ్చి కూడ ఓటు టయానికి బయటికి పోయిండనుకో. ఆయన ఓటు ఎవలకు పడ్డట్టు? నా లెక్కల అయితే కుర్సీల ఉన్నోనికే పడ్డట్టు. 2018 జులై 20న కేంద్రం మీద టీడీపీ అవిశ్వాసం పెడితే మన టీఆర్ఎస్ ఎంపీలు ఓటింగుకు దూరం ఉన్నరు. తటస్థం అన్నరు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడ్తలేదు. పొలం గట్టు కాడ ఇద్దరు కొట్లాడుతుంటే సూస్కుంట నిలవడ్డోడు తటస్థుడా? బలమున్నోని దిక్కు ఉన్నట్టే గదా.

మిర్యాలగూడ రైస్‌మిల్లు | 8:52
నీ మాటే కరెక్టు కాకా. రానోడు సర్కారు మనిషే.

దేవరకొండ పంతులు | 9:15
కాదు. ముప్పై ఏండ్లు పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి, ఈ ఒక్క తప్పు పిల్లల పేపర్లలో ఎన్నిసార్లు దిద్దానో.

రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం సభలో ఏ తీర్మానమైనా తేలేది హాజరై ఓటు వేసిన వాళ్లలో ఎక్కువమంది ఎటున్నారన్న దాని మీద. రాష్ట్ర శాసనసభలకు ఇదే మాట 189లో ఉంది. రానివాడు ఏ ఖాతాలోనూ పడడు, అసలు లెక్కలోనే ఉండడు. మీరు చెప్పిన 2018 సంగతే తీసుకోండి. అవిశ్వాసానికి అనుకూలం 126, వ్యతిరేకం 325. ఆ రోజు దూరంగా ఉన్నవాళ్లంతా వచ్చి 126 పక్కన నిలబడినా 325ను దాటలేరు. వాళ్లు సర్కారును కాపాడారనడానికి అంకెలు ఒప్పుకోవు.

ఇంకోటి. 1999 ఏప్రిల్ 17న వాజపేయి విశ్వాస తీర్మానానికి 269 వచ్చాయి, వ్యతిరేకంగా 270. మొత్తం 543 సీట్లలో సగం దాటాలంటే 272 కావాలి. అది రెండు పక్షాలకూ రాలేదు. అయినా ప్రభుత్వం పడిపోయింది. ఆ రోజు సర్కారు వైపు వాడు ఒక్కడు ఇంట్లో పడుకున్నా అది సర్కారుకే దెబ్బ. మరి రానివాడు సర్కారుకు ఓటేసినట్టు ఎట్లా అవుతుంది?

మూసీ కాల్వ | 9:31
సారూ, మెజార్టీ అంటే సగం కన్న ఒకటెక్కువ. మన అసెంబ్లీల 119 మంది, 60 కావాలె. ఎలక్షన్ల లెక్కింపు రోజు పొద్దంత టీవీల గదే చెప్తరు. వాళ్లంత అబద్ధమాడుతున్నరా?

దేవరకొండ పంతులు | 9:44
60 అబద్ధం కాదు. అందరూ వచ్చి అందరూ ఓటేసినా ఢోకా లేని అంకె అది. ఓటు జరిగే రోజు ఎంతమంది కూర్చున్నారో, అందులో ఎంతమంది ఓటేశారో దాన్ని బట్టి గీత కిందికి జరుగుతుంది. పీవీ నరసింహారావు గారి మీద 1993 జులైలో పెట్టిన అవిశ్వాసం 251–265తో వీగిపోయింది. ఆయనకూ 272 రాలేదు. మీ లెక్క ప్రకారం ఆయన ఆ సాయంత్రమే రాజీనామా చెయ్యాలి.

మూసీ కాల్వ | 9:50
మీరు మల్లా అంకెల కాడికే పోతున్నరు. నేను అడిగేది అంకె కాదు.

దేవరకొండ పంతులు | 9:53
మీ ప్రశ్నలోనే "ఖాతా" అని ఉంది. ఖాతా అంటే అంకే కదా.

జడ్చర్ల బస్టాండ్ | 10:05
1984ల ఎన్టీఆర్‌ను దించిన్నాడు సభల ఓటింగే జరగలే. రాజ్‌భవన్‌ల కూసొని తీసేసిండ్రు.

కల్వకుర్తి పిలగాడు | 10:22
అన్నా, ఆ సంగతి ఇక్కడ నిజంగనే పనికొస్తది. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతోని ప్రమాణం చేయించిండు. బలం చూపెట్టుకోనీకె నెల గడువు ఇస్తే ఆయనతోని కాలేదు. సెప్టెంబర్ 16కు ఎన్టీఆర్ మళ్లా ముఖ్యమంత్రి. ఆ నెలంత ఎమ్మెల్యేలను కర్ణాటకల క్యాంపుల దాచిండ్రు. (1985ల నల్లగొండల కూడ గెల్చిన ఎన్టీఆర్, 1989ల మా కల్వకుర్తిల ఓడిండు. మా తాత ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెప్తడు.) బలం తేలాల్సింది రాజ్‌భవన్‌ల కాదు, సభల అని సుప్రీంకోర్టు 1994ల బొమ్మై కేసుల గట్టిగ చెప్పింది.

నేను గ్రూప్స్‌కు చదువుతున్న గనుక ఒక మాట కలుపుత. "అవిశ్వాసం" అన్న పదం రాజ్యాంగంల ఎక్కడ లేదు. 75(3)ల మంత్రివర్గం లోక్‌సభకు ఉమ్మడిగ బాధ్యత వహించాలె అని ఉన్నది, రాష్ట్రానికి 164(2). తీర్మానం ఎట్ల పెట్టాలె, 50 మంది మద్దతు ఎట్ల చూపియ్యాలె అన్నది లోక్‌సభ నియమాలల్ల, 198ల ఉంటది. విశ్వాస తీర్మానమైతే సర్కారే పెట్టుకుంటది, అవిశ్వాసమైతే ఎదుటి పక్షం పెడ్తది. రెండిట్ల లెక్క మాత్రం ఒకటే.

నా అభిప్రాయం చెప్పాల్నంటే జర్మనీ పద్ధతి మేలు. అక్కడ ఛాన్సలర్‌ను దించాల్నంటే అదే ఓటుల కొత్తాయనను ఎన్నుకోవాలె. 1982ల ష్మిత్‌ను దించి కోల్‌ను గట్లనే ఎక్కిచ్చిండ్రు. ఎవరిని పెట్టేది చెప్పకుండ ఊకె కూలగొట్టుడు నడ్వదు. 1999ల 270 మంది కలిసి దించిండ్రు గని కలిసి ఎక్కియ్యలేకపోయిండ్రు, మళ్లా ఎలక్షన్లే వచ్చినయి.

మూసీ కాల్వ | 10:40
తమ్మీ, జర్మనీ తర్వాత. మా ఊరి సంగతి చెప్త, అప్పుడు మీకు నా బాధ ఎక్కుతది.

మా మున్సిపాలిటీల చైర్మన్ మీద అవిశ్వాసం పెట్టిండ్రు. ఊరి పేరు రాయను. మా వార్డుల మోరీ నాలుగేండ్ల సంది తవ్వి ఇడిసిపెట్టిండ్రు, వానొస్తే నీళ్లు మా ఇంట్ల బియ్యం బస్తాల కిందికి వస్తయి. చైర్మన్ మారితే పని అయితదని వార్డోళ్లం అందరం పోయి మా కౌన్సిలర్‌ను అడిగినం. చెయ్యి ఎత్తుత అన్నడు, మా అమ్మ చేతుల చెయ్యేసి చెప్పిండు. మీటింగ్ రోజు మనిషి లేడు. ఫోన్ బంద్. అవిశ్వాసం పోయింది. మోరీ గట్లనే ఉన్నది. ఇప్పుడు చెప్పుండ్రి, రానోడు ఏ ఖాతాల లేడా?

మిర్యాలగూడ రైస్‌మిల్లు | 10:44
ఎన్ని లక్షలో.

ఏడో వార్డు | 11:20
చాలాసేపటి సంది చదువుతున్న, రాయాల్నా వద్దా అని. నేను ఒక మున్సిపాలిటీల కౌన్సిలర్‌గ చేసిన. మూసీ అన్న ఊరు కాదు, వేరే.

పంతులు సారూ, మీరు చెప్పింది పార్లమెంటుకు నిజం. మున్సిపాలిటీకి నడ్వదు. మా దగ్గర 24 మంది కౌన్సిలర్లం, ఎమ్మెల్యే ఓటుతోని 25. తీర్మానం నెగ్గాల్నంటే మొత్తం మెంబర్ల మూడింట రెండొంతులు, అంటే 17. వచ్చినోళ్ల లెక్క కాదది. అందుకే చైర్మన్ దిక్కు ఉన్నోళ్లు వచ్చి వ్యతిరేకంగ చెయ్యి ఎత్తే అవసరమే లేదు, ఇంట్ల కూసుంటే సాలు. ఇంట్ల కూసునుడే అక్కడ ఓటు. మూసీ అన్న మా లెక్క మనసుల పెట్టుకొని అడుగుతున్నడు, మీరు ఢిల్లీ లెక్క చెప్తున్నరు.

మా దాంట్ల ఆ రోజు 16 చేతులు లేసినయి. నేను పోలే.

మూసీ కాల్వ | 11:26
అంటే నువ్వు కూడ గదే పని చేసినవ్. ఒక్క చెయ్యి తోని ఆగిపోయింది, ఆ చెయ్యి నీది. అమ్ముడుపోయినోళ్లే వచ్చి మాకు రూల్సు చెప్పవడ్తిరి.

ఏడో వార్డు | 11:41
అన్నా, మాట జాగ్రత్త.

నాకు పార్టీ విప్ వచ్చింది, అంటే ఓటింగుల ఏం చెయ్యాల్నో చెప్పే పార్టీ హుకుం. మీటింగుకు పోవద్దని కాగితం మీద రాసిచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నరు. ఆ కాగితం మీటింగ్ పెట్టిన అధికారికి కూడ ఇచ్చిండ్రు. పోతే నా పదవి పోతది. మూడు రోజుల ముందుగాల్నే మమ్మల్ని బస్సుల ఎక్కిచ్చి తీస్కపోయిండ్రు, ఫోన్లు గుంజుకున్నరు. మా అత్తమ్మ దవాఖాన్ల ఉన్నదని మీటింగ్ ముందట రాత్రి కొట్లాడి ఇంటికొచ్చిన. పొద్దుగాల్ల పోదామా వద్దా అని దర్వాజ కాడ నిలవడ్డ. పోలే. ఒక్క రూపాయి ముట్టలే. తెల్లారి మా ఆయన కిరాణ దుకాణం ముందటికొచ్చి, ఎంతకు బేరం కుదిరిందని పది మందిల అడిగిండ్రు. ఆయన మనిషి ఆ దినం సంది సక్కగ లేడు.

మూసీ కాల్వ | 11:48
విప్ ఇచ్చింది పార్టీ. ఓటేసింది ఏడో వార్డు. నీకు ఎవరు పెద్ద?

ఏడో వార్డు | 11:52
పార్టీ బీఫారం లేకుంటే నాకు ఆ వార్డుల ఎన్ని ఓట్లు పడుతుండె? గుర్తు చూసి ఏసిండ్రు. గెలిచినంక గుర్తు నాది కాదు అనాల్నా?

మోడరేటర్ | 11:55
అమ్ముడుపోయిండ్రు, బేరం లాంటి మాటలు ఎదుటి సభ్యుల మీద వాడకండి. మళ్లీ వస్తే థ్రెడ్ మూసేస్తాను.

కల్వకుర్తి పిలగాడు | సోమవారం, తెల్లారి 12:10
ఇప్పటిదాంక లెక్క మీద కొట్లాడినం గని అసలు గొడవ ఇప్పుడు బయటపడ్డది. ఓటు మెంబరుదా, పార్టీదా, వార్డుదా?

1985ల రాజ్యాంగంల వచ్చిన పదో షెడ్యూల్ (పార్టీ ఫిరాయింపుల చట్టం) ప్రకారం ఎంపీ, ఎమ్మెల్యే విప్‌కు విరుద్ధంగ ఓటేసినా, ఓటింగుకు దూరమున్నా అనర్హత వేటు పడొచ్చు. పార్టీ 15 రోజుల లోపల మాఫీ చేస్తే బతుకుతడు. అంటే చట్టం కూడ దూరముండుడును ఒక పని కిందనే చూస్తది, ఏం చెయ్యనట్టు కాదు. కని అనర్హత తర్వాతి సంగతి, ఆ రోజు ఏసిన ఓటు మాత్రం లెక్కల ఉంటది. 1999ల నేషనల్ కాన్ఫరెన్స్ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ పార్టీ మాట కాదని వాజపేయికి వ్యతిరేకంగ ఏసిండు. పార్టీల నుంచి తీసేసిండ్రు గని ఓటును తీసేయలేకపోయిండ్రు.

దేవరకొండ పంతులు | 6:05
రాత్రి నిద్ర పట్టలేదు. ఏడో వార్డు అమ్మా, మున్సిపాలిటీ లెక్క నా దృష్టిలో లేదు, మీరు చెప్పింది నిజమే.

కానీ విప్ సంగతిలో నేను మూసీ కాల్వ గారితో ఏకీభవించను. మామూలు బిల్లుల మీద విప్ ఎందుకు? అక్కడ సభ్యుడు తన బుద్ధితో ఓటెయ్యాలి. కానీ ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్న ఓటులో విప్ ఉండి తీరాలి. 1990లో దినేశ్ గోస్వామి కమిటీ ఈ మాటే చెప్పింది. 1992లో ఆ ఫిరాయింపుల చట్టం మీద నడిచిన కిహొటో కేసులో సుప్రీంకోర్టు కూడా దాదాపు ఈ దారిలోనే నడిచింది. ఆ ఒక్క చోట కూడా విప్ తీసేస్తే ప్రతి నెలా క్యాంపులే, బస్సులే.

2008 జులై 22 గుర్తు చేసుకోండి. అణు ఒప్పందం మీద వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాయి, మన్మోహన్ సింగ్ విశ్వాస తీర్మానం 275–256తో నెగ్గింది. అప్పుడు మన జిల్లాకు ఇద్దరు ఎంపీలు. నల్లగొండ నుంచి సీపీఐ సురవరం సుధాకర్ రెడ్డి, మిర్యాలగూడ నుంచి కేంద్ర మంత్రి జైపాల్ రెడ్డి. ఒకే జిల్లా జనం పంపిన ఇద్దరు చెరో దిక్కున ఉన్నారు. ఇద్దరూ ఎక్కడ నిలబడతారో ఊళ్లో ప్రతివాడికీ ముందే తెలుసు, ఎందుకంటే పార్టీ ఏమిటో తెలుసు. ఓటరుకు దొరికే భరోసా అంతకంటే ఏముంటుంది?

మూసీ కాల్వ | 6:40
సారూ, వాళ్లిద్దరు సభల ఉన్నరు. నిలవడ్డరు. ఓడినా గెలిచినా ఎవలెటో రాసి ఉన్నది. నేను అడిగేది నిలవడనోని గురించి. పార్టీ దాచిపెట్టిన మనిషి గురించి. విప్ "వ్యతిరేకంగ చెయ్యెత్తు" అని ఇస్తే నేను ఒప్పుకుంట, సూస్త, మల్లొచ్చే ఎలక్షన్ల నా జవాబు నేనిస్త. "పోవద్దు" అని విప్ ఇచ్చుడేంది? మాకు కనపడకుండ ఓటేసుడు గదా అది.

కల్వకుర్తి పిలగాడు | 7:15
మూసీ అన్న మాటకు ఒక కేసు ఉన్నది. 1993 ఓటింగుల పీవీ సర్కారును కాపాడనీకె కొందరు ఎంపీలు డబ్బు తీసుకున్నరన్న ఆరోపణ మీద కేసు నడిచింది. 1998ల సుప్రీంకోర్టు ఏమన్నదంటే, డబ్బు తీసుకొని సభల ఓటేసినోళ్లకు 105(2) అధికరణం రక్షణ ఉంటది, ప్రాసిక్యూట్ చెయ్యొద్దు. అదే ఆరోపణ మీదున్న ఒకాయన ఓటింగుకు దూరమున్నడు, ఆయనకు మాత్రం ఆ రక్షణ లేదు. 2024 మార్చిల ఏడుగురు జడ్జీల బెంచి ఆ తీర్పును కొట్టేసింది, ఇప్పుడు ఓటేసినా ఎయ్యకున్నా లంచానికి రక్షణ లేదు.

మిర్యాలగూడ రైస్‌మిల్లు | 7:22
ఇరవై ఆరేండ్లు పట్టిందా గది సరిచేయనీకె?

దేవరకొండ పంతులు | 7:38
"పోవద్దు" అని ఇచ్చే విప్‌ను నేను కూడా సమర్థించను. విప్ ఉండాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఏడో వార్డు | 8:10
మూసీ అన్నా, రాత్రి నీ మాటకు మస్తు ఏడ్చిన. అయినా ఒక్కటి చెప్త. మీ కౌన్సిలర్ మీ అమ్మకు మాటిచ్చి తప్పిండు, దానికి నేను ఒకాల్తా పుచ్చుకోను. నేను మా వార్డోళ్లకు మాటియ్యలే, నాకు కాగితం వచ్చిందని ముందుగాల్నే చెప్పిన. ఆయన మీకు చెప్పలే. కాగితం అసలు వచ్చిందో లేదో నాకు తెల్వదు. విప్ రాకుండనే ఇంట్ల కూసున్నడో, వచ్చి భయపడి కూసున్నడో, గది ఎరుక చేసుకో. రెండు ఒకటి కాదు.

మూసీ కాల్వ | 8:34
చెల్లే, రాత్రి నిన్ను అన్న మాట తప్పే. మీ ఆయనకు కూడ చెప్పు.

విప్ సంగతి నాకు ఇప్పటిదాంక తోచలే. అధికారి కాడ కాగితం ఉంటదంటివి గదా. ఇయ్యాల మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి పది రూపాయలు కట్టి ఆర్టీఐ పెడ్త. ఆ దినం హాజరు పట్టీ, విప్ నకలు, ఎవరెవరు చెయ్యి ఎత్తిండ్రన్న రికార్డు, మూడు అడుగుత. పంతులు సారూ, అర్జీ ఎట్ల రాయాల్నో జర చెప్పుండ్రి.

దేవరకొండ పంతులు | 8:41
తీర్మానం తేదీ, మీటింగ్ నోటీసు నంబరు ఉంటే ఇక్కడ పెట్టండి. మధ్యాహ్నం లోపు రాసిస్తాను.