మంచాన ఉన్న మనిషిని చూసుకోవడం మీరెలా నేర్చుకున్నారు?

సత్తెనపల్లి అమ్మాయి:

మా అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. మింగడం కూడా సరిగా లేదు. గుంటూరులో ఒక ఆసుపత్రిలో ఉంచి, ముక్కులోంచి కడుపులోకి వెళ్లే రైల్స్ ట్యూబు, యూరిన్ బ్యాగుతో ఇంటికి పంపారు. డిశ్చార్జి రోజు సిస్టర్ గారు ట్యూబులో పాలు ఎలా పోయాలో ఒకసారి పోసి చూపించారు. నా చేత పోయించలేదు. ఇంతలో పక్క మంచం వాళ్లు పిలిస్తే వెళ్లిపోయారు. ఆవిడను తప్పు పట్టను, అంత పెద్ద వార్డుకు ఆవిడ ఒక్కరే.

నేను బట్టల షాపులో లెక్కలు రాస్తాను. ఇప్పుడు రాగి జావ పలుచగా కాచి, గుడ్డలో వడగట్టి, పెద్ద సిరంజితో అమ్మకు పెడుతున్నాను. ట్యూబు అడ్డుపడితే గోరువెచ్చటి నీళ్లు మెల్లగా పంపడం, బ్యాగు ఖాళీ చేసి ఎన్ని ఎంఎల్ వచ్చిందో రాసిపెట్టడం అలవాటైపోయాయి. ఈ పనులు నా చేతికి వస్తాయని ఎప్పుడూ అనుకోలేదు.

రెండు చోట్ల ఆగిపోయాను. అమ్మ బరువు మనిషి. పగలు నాన్న పనికి వెళ్తే నేనొక్కదాన్నే ఉంటాను. ఒక్క మనిషి ఆవిడను పక్కకు తిప్పడం ఎలా? రెండోది, ముడ్డిపూస మీద ఎర్రగా కనిపిస్తోంది. ఎదురింటి పిన్నిగారు కొబ్బరినూనె పెట్టి గట్టిగా రుద్దమంటున్నారు. రుద్దవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పనులు ఇంటి అవసరం కొద్దీ నేర్చుకున్నవాళ్లు ఉంటే, ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నారో కూడా చెప్పండి.

తుని కండక్టర్:

అమ్మా, ముందు ఎరుపు సంగతి. రుద్దవద్దు. అక్కడ ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి రక్తం అందడం లేదు. నూనె పెట్టి గట్టిగా రుద్దితే నలిగిన చర్మం ఇంకా దెబ్బతింటుంది. పిన్నిగారు ప్రేమతోనే చెప్పి ఉంటారు, మా ఇంట్లోనూ ఇదే మాట అన్నారు. వేలితో ఆ ఎరుపు మీద కాసేపు నొక్కి తియ్యి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతోందని అర్థం. బరువు పడకుండా చూస్తే తగ్గుతుంది. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఆ రోజే డాక్టరుకు చూపించు. మన ఒంటి రంగుకి ఎరుపు ఒక్కోసారి కనిపించనే కనిపించదు. చేత్తో తడిమి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగా గానీ గట్టిగా గానీ తగిలినా, కాస్త నల్లబడినా అదే లెక్క. మడమలు, తుంటి ఎముకలు, మోచేతులు, చెవుల వెనక కూడా స్నానం చేయించేటప్పుడు రోజూ చూడు. మధ్యలో చిల్లు ఉండే రింగు దిండ్లు అమ్ముతారు, అవి కొనకు. రింగు అంచు ఒత్తుకున్న చోట రక్తం ఇంకా ఆగిపోతుంది.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగాను. మా ఆవిడకు కూడా పక్షవాతమే, కుడి పక్క. పిల్లలు దూరాన ఉన్నారు. ఆడమనిషిని పెట్టుకుందామంటే రాత్రిళ్లు ఉండేవాళ్లు దొరకలేదు. దాంతో అన్నీ నేనే నేర్చుకున్నాను.

తిప్పడం బలం మీద జరిగే పని కాదు. ఒక పాత నూలు చీర నాలుగు మడతలు పెట్టి అమ్మ భుజాల దగ్గర నుంచి తొడల దాకా వచ్చేలా కింద పరిచి ఉంచు. మనిషిని పట్టి లాగితే చర్మం పరుపుకు రాసుకుంటుంది. చీర పట్టుకుని లాగితే చీరే జరుగుతుంది, మనిషి దాని మీద ఉంటుంది. మంచం గోడకు ఆనించి ఉంటే ఇవతలికి జరుపు, రెండు వైపులా నువ్వు తిరగగలగాలి. మంచం ఎత్తు తక్కువైతే కోళ్ల కింద కదలని చెక్క దిమ్మలు పెట్టించు. నువ్వు వంగి చేస్తే నీ నడుము పోతుంది. నీ నడుము పోతే అమ్మకు ఎవరు దిక్కు?

ఎడమకు తిప్పాలనుకో. ముందు కుడి పక్కన నిలబడి చీర అంచు చుట్టి పట్టుకుని, మోకాళ్లు కాస్త వంచి, నీ వైపుకు జరుపుకో. మనిషి కుడి అంచు దగ్గరకు వస్తుంది. అటు రెండు కుర్చీల వీపులు మంచానికి ఆనించి పెట్టి అప్పుడు ఎడమ వైపుకు రా. యూరిన్ బ్యాగును ముందే నీ వైపు తగిలించు. గొట్టం తొడ కింద పడకూడదు, బ్యాగు ఎప్పుడూ పొట్ట కంటే కిందుగానే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. ఇప్పుడు అమ్మ కుడి చెయ్యి ఛాతీ మీదుగా నీ వైపుకు పెట్టి, కుడి మోకాలు పైకి మడువు. ఒక చెయ్యి ఆ భుజం వెనక, ఒక చెయ్యి ఆ తుంటి వెనక వేసి నీ వైపుకు తెచ్చుకో. ఎప్పుడూ నీ వైపుకే తిప్పుకోవాలి, అవతలికి నెట్టకూడదు. నీ ఒళ్లే అడ్డుగా ఉంటుంది కాబట్టి పడిపోతుందన్న భయం అమ్మకీ ఉండదు, నీకూ ఉండదు. పడిపోయిన చెయ్యి పట్టుకుని మాత్రం లాగవద్దు. దాని భుజం కీలు వదులుగా ఉంటుంది, లాగితే జారిపోయి ఆ నొప్పి నెలల తరబడి వదలదు.

పూర్తిగా పక్కకు పడుకోబెట్టవద్దు, బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచితే చాలు. మోకాళ్ల మధ్య ఒకటి, పిక్కల కింద ఒకటి పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడు. రెండు గంటలకోసారి తిప్పాలి. ఎయిర్ బెడ్ కొన్నా తిప్పడం మానకూడదు. కొట్టువాడు అక్కర్లేదంటాడు, నమ్మవద్దు.

జడ సంగతి కూడా చెప్పాలి, దీని గురించి ఎవరూ చెప్పరు. మా ఆవిడకు జుట్టు ఒత్తు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వెనక ఉండ కట్టుకుపోయింది, కత్తిరించేద్దామన్నారు. ఆవిడ కళ్ల నిండా నీళ్లు పెట్టుకుంది. మా మరదలు వచ్చి కూర్చుని నూనె పెట్టి, కొసల నుంచి పైకి కొద్దికొద్దిగా చిక్కు తీయడం నాకు నేర్పింది. వెనక ఒక్క జడ వేస్తే తల కింద ఒత్తుకుంటుంది. అందుకని చెవుల పక్కగా రెండు జడలు వేసి ముందుకు వేస్తాను. ఇప్పుడు పాయలు సమంగా తీస్తున్నానని మా ఆవిడే అంటుంది. మాట ముద్దగా వస్తుంది కానీ ఈ ఒక్క మాట స్పష్టంగా అంటుంది. మందులు, గొట్టాలు అన్నీ ఆవిడ ప్రాణం కోసం. జడ మాత్రం ఆవిడ కోసం. మీ అమ్మకు ఏది ఇష్టమో, బొట్టో, గాజులో, పౌడరో, అది కూడా రోజువారీ పనుల్లో చేర్చు.

ఎలా నేర్చుకున్నారని అడిగావు. చూస్తే రాదమ్మా. ట్యూబు మార్చడానికి ఆసుపత్రికి వెళ్తావు కదా, అప్పుడు "సిస్టర్, నేను చేస్తాను, మీరు చూడండి" అని అడుగు. నేను అలాగే అడిగాను. ఒక్కరు కూడా కాదనలేదు.

స్టాఫ్ నర్సు, విజయనగరం:

బాబాయి గారు తిప్పడం గురించి రాసినది మేం వార్డులో చేసే పద్ధతే. ట్యూబు గురించి కొన్ని చేరుస్తాను. ముక్కు దగ్గర ట్యూబు మీద గీత పెట్టి ఉంటారు. పోసే ముందు ప్రతిసారీ ఆ గీత జరిగిందేమో చూడండి. జరిగితే పోయకండి, మీరే లోపలికి నెట్టకండి, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లండి. సిరంజితో కొంచెం వెనక్కి లాగి కడుపులో నిన్నటిదో పొద్దుటిదో ఎక్కువ మిగిలి ఉందేమో చూసుకోండి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు ఉండాలి, పోశాక కూడా కనీసం అరగంట అలాగే ఉంచాలి. కాబట్టి పక్కకు తిప్పేది పోయకముందే, పోసిన వెంటనే కాదు. సిరంజి పిస్టను తీసేసి, సిరంజిని పైకెత్తి పట్టుకుంటే దానంతటదే దిగుతుంది. నెట్టకండి. చివర 30 ఎంఎల్ దాకా నీళ్లు పోస్తే గొట్టం మూసుకుపోదు. మాత్రలు పొడి చేసేముందు ఒక్కొక్కటీ డాక్టరును అడగండి. మెల్లగా కరిగేలా చేసిన మాత్రలను నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. పోస్తుండగా దగ్గు, ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆపి, గొట్టం మూసి 108కి ఫోన్ చేయండి.

మీ చేత చేయించకుండా పంపడం మాత్రం సరికాదు. నా ఉద్యోగం గురించే నేనంటున్న మాట ఇది. కేరళలో 1993లో కోజికోడ్‌లో పాలియేటివ్ కేర్, అంటే తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ల నొప్పి, బాధ తగ్గించే సేవల కోసం ఒక సొసైటీ మొదలైంది. అక్కడ ఊళ్లో మామూలు మనుషులకు కూడా ఈ పనులు నేర్పి ఇళ్లకు పంపుతారు. 2008లో ఆ ప్రభుత్వం దాన్ని విధానంగా తెచ్చింది. మన దగ్గర ఇంటివాళ్లకు నేర్పడం ఇప్పటికీ నర్సుకు తీరిక దొరికితే జరిగే పనిగానే ఉంది.

నిజామాబాద్ చెల్లె:

అక్కా, మా ఆయన దుబాయిలో ఉంటారు, మా అత్తమ్మకు ఇన్సులిన్ నేనే ఇస్తాను. మా ఊరి సబ్‌సెంటర్ ఏఎన్ఎమ్ అక్క ముందు ఉత్త నీళ్లతో బత్తాయి పండుకు గుచ్చడం నేర్పింది. తర్వాత పక్కన కూర్చుని అత్తమ్మకు నాతోనే ఇప్పించింది. కండక్టర్ సారు చెప్పినట్టు, ఆమె చూస్తుండగా చేశాకే నాకు భయం పోయింది. మీ ఇంట్లో కూడా షుగర్ ఉంటే ఒకటి గుర్తు పెట్టుకోండి. సీసా మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ రంగు మూత సిరంజి. అటుదిటు అయితే డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. షాపులో ఏది ఇచ్చినా నేను సీసా పక్కన పెట్టి చూసుకునే తీసుకుంటాను. మీది ఏపీ కదా, అక్కడ ఎలా ఉందో అడగండి. మా తెలంగాణలో మాత్రం జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు ఉన్నాయి, ఆలన అని బండిలో ఇంటికి వచ్చి చూస్తారు.

సత్తెనపల్లి అమ్మాయి:

అందరికీ దండాలు. నొక్కి చూశాను, తెల్లబడి మళ్లీ ఎర్రబడుతోంది. పిన్నిగారికి కూడా చూపించాను. మధ్యాహ్నం ఆవిడే వచ్చి చీర అవతలి అంచు పట్టుకున్నారు. మంగళవారం ట్యూబు మార్పించడానికి వెళ్తున్నాం. బాబాయి గారూ, రాత్రి కూడా రెండు గంటలకోసారి లేవాలా? నాన్న, నేను వంతులు వేసుకుందామనుకుంటున్నాం.

తుని కండక్టర్:

ఎరుపు ఉన్నన్నాళ్లు లేవాలమ్మా. అది పూర్తిగా పోయాక, మంచి ఎయిర్ బెడ్ ఉంటే రాత్రిపూట తిప్పడానికీ తిప్పడానికీ మధ్య టైము కొంచెం పెంచవచ్చేమో మంగళవారం సిస్టర్‌ను అడుగు, చర్మం చూసి ఆవిడే చెప్పాలి. క్యాలెండరు పక్కన ఒక కాగితం అంటించి, తిప్పిన టైము, ఏ పక్కకు తిప్పారో రాయండి. వంతులు మారేటప్పుడు నాన్నగారు నిన్ను లేపి అడగనక్కర్లేదు.