మ్యూనిక్ నుంచి మిలాన్‌కి మారుతున్నా, వాన జాకెట్ అక్కడ వేసుకోకూడదా?

కృష్ణలంక_కుర్రాడు
అందరికీ నమస్కారం. మూడున్నరేళ్లుగా మ్యూనిక్‌లో ఉంటున్నాను. సెప్టెంబరులో కంపెనీ మిలాన్ ఆఫీసుకి పంపుతోంది, కనీసం రెండేళ్లు. ఇల్లు, కాగితాలు, పిల్లాడి బడి గురించి వేరేగా అడుగుతాను, ఇది కాస్త నవ్వొచ్చే విషయం. పోయిన నెల రెండు రోజుల పని మీద మిలాన్ వెళ్లినప్పుడు రోజూ వేసుకునేవే వేసుకెళ్లాను. పంజా గుర్తున్న జాక్ వోల్ఫ్‌స్కిన్ వాన జాకెట్, వీపున బ్యాగు, కాళ్లకి ట్రెక్కింగ్ షూస్. అక్కడి టీమ్‌లో ఒకాయన చూసి "కొండెక్కడానికి వచ్చావా?" అన్నాడు. సరదాకే అన్నాడు, నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చి చెప్పడమే నా పొరపాటు, మా ఆవిడ అప్పట్నుంచి బీరువా మొత్తం మార్చాలంటోంది. మ్యూనిక్‌లో మా డైరెక్టర్ కూడా ఇలాంటి జాకెట్‌తోనే సైకిల్ మీద వస్తాడు. నిజంగా దేశం మారితే బట్టలు మార్చాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సుబ్బు_స్టుట్‌గార్ట్
తమ్ముడూ, ఒక్క యూరో కూడా ఖర్చు పెట్టకు. నేను జర్మనీకి వచ్చి 14 ఏళ్లయింది, ఇప్పటివరకు నా బట్టల గురించి ఒక్కడూ మాట్లాడలేదు. చెడ్డ వాతావరణం అంటూ ఉండదు, తప్పుడు బట్టలే ఉంటాయని ఇక్కడ సామెత, చిన్నపిల్లల బడిలోనే నేర్పిస్తారు. బట్ట అంటే వానకి తడవకూడదు, చలికి వణకకూడదు, జేబులుండాలి. అంతే. మిలాన్‌లో వాన మ్యూనిక్‌కి ఏమీ తీసిపోదు, చలికాలం పొగమంచు వేరే. అయినా ఇప్పుడు యూరప్ అంతా ఒకటే బట్టలు. స్పెయిన్‌లో 1975లో మొదలైన జారా, స్వీడన్‌లో 1947లో మొదలైన హెచ్ అండ్ ఎమ్, ఏ ఊరి సెంటర్‌కి వెళ్లినా ఆ రెండు కొట్లే. అదే చొక్కా స్టుట్‌గార్ట్‌లోనూ అమ్ముతారు, మిలాన్‌లోనూ అమ్ముతారు. ఇంకెక్కడి ఇటలీ స్టైల్?

కాలువగట్టు
నెదర్లాండ్స్‌లో, మా ఉట్రెక్ట్‌లో ఉంటే ఈ ప్రశ్నే రాదు. సైకిల్ మీద ఎదురుగాలిలో అందరం తడిసిన కోళ్లమే.

తూర్పుగాలి
సుబ్బు గారూ, చొక్కా అదే, కానీ మిలాన్‌లో దానికి ఇస్త్రీ ఉంటుంది. నేను టొరినోలో నాలుగేళ్లు, మిలాన్‌లో అయిదేళ్లుగా ఉన్నాను. ఇక్కడివాళ్లు ఖరీదైనవి వేసుకుంటారని అందరూ అనుకుంటారు, మా ఆఫీసులో సగం మందివి మామూలు బట్టలే. కానీ కొలత సరిగ్గా ఉంటుంది, ప్యాంటు పొడవెక్కువైతే సందు చివర దర్జీ దగ్గర మడత వేయించుకుంటారు, షూస్ తుడుచుకుంటారు, చెత్త పారేయడానికి కిందకి దిగినా ఒకసారి అద్దం చూసుకుంటారు. దీన్ని "బెల్లా ఫిగూరా" అంటారు, నలుగురిలో చక్కగా కనిపించడం, నడుచుకోవడం రెండూ అందులోనే. మన ఊళ్లలో మాత్రం ఏం తక్కువ? ఇస్త్రీ లేని చొక్కాతో గడప దాటితే మా అమ్మమ్మ వెనక్కి పిలిచేది.

కుర్రాడు గారూ, బీరువా అంతా మార్చక్కర్లేదు. ఒక నేవీ బ్లూ ఊలు కోటు, ఒక జత మంచి తోలు షూస్, ఒక గొడుగు. ఇంకోటి, సెప్టెంబరులో కొనకండి. ఇక్కడ డిస్కౌంట్లకి ప్రభుత్వం తేదీలు పెడుతుంది, జనవరి 6 పండగకి కాస్త ముందు మొదలవుతాయి, మళ్లీ జులైలో. ఆ కోటు అప్పుడైతే చవగ్గా వస్తుంది.

సుబ్బు_స్టుట్‌గార్ట్
ఊలు కోటు వానలో వేసుకుని గొడుగు పట్టుకోవాలి. చేతిలో పిల్లాడు, ఇంకో చేతిలో సంచి, మూడో చెయ్యి ఎవరిస్తారు? వాన జాకెట్ కనిపెట్టిందే గొడుగు బాధ లేకుండా ఉండటానికి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అనలేదు. మీ ఇటలీవాళ్లు కూడా అక్టోబరు వచ్చి 18 డిగ్రీలు కాగానే ఉబ్బు జాకెట్లు తగిలించేస్తారు కదా, నేను కళ్లారా చూశాను. అవి జాకెట్లు కావా?

తూర్పుగాలి
ఉబ్బు జాకెట్ వేరు, వాన జాకెట్ వేరు.

సుబ్బు_స్టుట్‌గార్ట్
ఎలా వేరు? రెండూ నైలాన్. రెండింటికీ జిప్పు. ఒకటి 80 యూరోలు, ఇంకోటి 800. అదేనా తేడా?

తూర్పుగాలి
ఉబ్బు జాకెట్ నడుము దగ్గర ఆగుతుంది, ముదురు రంగు, ఒంటికి అమరుతుంది. మీది నియాన్ పచ్చ, మోకాళ్ల దాకా, చంకల కింద గాలికి ఇంకో జిప్పు. అయినా వాన జాకెట్ వేసుకోరని నేనెప్పుడన్నాను? కే-వే అని సన్నటి మడత జాకెట్ ఉంది, ఇక్కడ అందరి బ్యాగులోనూ ఉంటుంది. టొరినో కంపెనీ.

లిల్_చలి
అక్కా, కే-వే ఫ్రాన్స్‌ది 😊 1965లో పారిస్‌లో పుట్టింది. టొరినోవాళ్లు 2004లో కొనుక్కున్నారు. మాకు ఆ పేరు మామూలు మాటైపోయింది, ఏ వాన జాకెట్‌నైనా అదే అంటారు.

సుబ్బు_స్టుట్‌గార్ట్
చూశారా, అదీ ఇటలీది కాదు. మొత్తానికి వాన జాకెట్ వేసుకుంటారని ఒప్పుకున్నట్టే. ఇక చర్చ అయిపోయింది.

గుండ్లకమ్మ
అయిపోలేదు 🍿

లిల్_చలి
నేను లిల్‌లో మాస్టర్స్ చేస్తున్నా, రెండో ఏడాది. వచ్చేముందు అందరూ ఫ్రాన్స్ అంటే ఫ్యాషన్ అని భయపెట్టారు, హైదరాబాద్‌లో 20 వేలు పెట్టి షాపింగ్ చేసి మరీ వచ్చాను. ఇక్కడ చూస్తే క్లాసులో అందరూ నలుపు, బూడిద రంగు, పాత జీన్స్, మెడకి ఒక స్కార్ఫ్. సగం బట్టలు వింటెడ్ అనే పాత బట్టల యాప్‌లో కొన్న సెకండ్ హ్యాండ్, అది గర్వంగా చెప్పుకుంటారు. మా ఇంట్లో చెబితే "ఎవరో విడిచిన బట్టలా" అని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. నేను తెచ్చుకున్న మెరుపుల కుర్తీలు పెట్టెలోనే ఉన్నాయి. పారిస్ అనగానే ఏదో స్వేచ్ఛ అనుకుంటాం గానీ, ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి తీసుకోవాలన్న 1800 నాటి ఆదేశం అక్కడ కాగితం మీద అలాగే ఉండిపోయింది, చెల్లదని మంత్రి అధికారికంగా చెప్పింది 2013లో. ఎవరూ పాటించలేదనుకోండి, అది వేరే సంగతి.

కృష్ణలంక_కుర్రాడు
అందరికీ థ్యాంక్స్. అయితే జాకెట్ తెచ్చుకోవచ్చా?

తూర్పుగాలి
కుర్రాడు గారూ ఒక్క నిమిషం. సుబ్బు గారికి గొడుగు సంగతి చెప్పాలి. టొరినోలో కప్పున్న వసారాలు 18 కిలోమీటర్ల దాకా ఉన్నాయి. వియా పో అనే వీధిలో ఒకవైపు, అడ్డరోడ్లు వచ్చిన చోట కూడా కప్పు వేసేశారు, రాజుగారు తడవకుండా నది దాకా నడవాలని అలా కట్టించారని చెప్పుకుంటారు. బొలోన్యాలో అయితే ఇంకా ఎక్కువ, 2021లో యునెస్కో జాబితాలో కూడా ఎక్కాయి. తల మీద కప్పుంటే ఊలు కోటు వేసుకోవచ్చు, తోలు చెప్పుతో నడవచ్చు. మీ దగ్గర, నెదర్లాండ్స్‌లో సైకిల్ మీద వెళ్లాలి కాబట్టి మీకు జాకెట్ కావాలి. అది మీ అవసరం. దాన్ని తెలివితేటలని, ఇక్కడివాళ్లది డాబు అని ఎందుకంటారు?

సుబ్బు_స్టుట్‌గార్ట్
మిలాన్‌లో ఎన్ని కిలోమీటర్ల వసారాలున్నాయి మేడమ్? టొరినో లెక్క మిలాన్‌కి చెబుతున్నారు. అతను వెళ్లేది మిలాన్.

తూర్పుగాలి
మిలాన్‌లో మెట్రో ఉంది.

సుబ్బు_స్టుట్‌గార్ట్
మ్యూనిక్‌లోనూ ఉంది.

గుండ్లకమ్మ
సుబ్బన్నా, బట్టలతో పనిలేదంటావు, అక్టోబర్‌ఫెస్ట్‌కి తోలు నిక్కరు వేసుకుని ఫొటో పెట్టింది ఎవరు? మోకాళ్ల దాకా మేజోళ్లు కూడా ఉన్నాయి. ఆ తోలు నిక్కరుకి జేబులెన్ని?

సుబ్బు_స్టుట్‌గార్ట్
అది ఆఫీసు టీమ్‌తో వెళ్లినప్పుడు. అద్దెకి తెచ్చుకున్నది. పండగ వేరు, రోజువారీ వేరు, టాపిక్ మార్చకు. నేను చెప్పేది ఒక్కటే: మనం వాళ్ల దేశంలో పని చేస్తున్నాం, పన్ను కడుతున్నాం, మళ్లీ వాళ్ల కంటికి ఇంపుగా కనిపించాలని కోటు కూడా కొనాలా? ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్లు చాలామందిని చూశాను. మూడేళ్లు ఇటలీలో ఉండి రాగానే కాఫీ కప్పు పట్టుకునే తీరు కూడా మారిపోతుంది.

కాలువగట్టు
గొడుగు వద్దని మీరే అన్నారుగా అన్నా.

తూర్పుగాలి
ఇది నా గురించేనని అర్థమైంది. సరే, చెబుతాను, ఇక్కడ ఎప్పుడూ చెప్పలేదు.

నేను టొరినోకి పీహెచ్‌డీకి వచ్చాను. మొదటి చలికాలం నా దగ్గరున్నది హైదరాబాద్‌లో కొన్న ఒక ఊదా రంగు జాకెట్, కింద చుడీదార్, స్పోర్ట్స్ షూస్. మా బిల్డింగ్ లిఫ్టు దగ్గర ఒకావిడ "మూడో అంతస్తు పెద్దావిడ దగ్గరికి కొత్తగా వచ్చావా? తాళం ఇచ్చారా?" అని అడిగింది. ముసలివాళ్లని ఇంట్లో ఉండి చూసుకునేవాళ్లని ఇక్కడ బదాంతె అంటారు, నన్ను అలా అనుకుంది. కాదు, నాలుగో అంతస్తులో అద్దెకుంటున్నా, యూనివర్సిటీలో చదువుతున్నా అన్నాను. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, వేరే ఆవిడ. ఏడాదిలో ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. తర్వాత జనవరి అమ్మకాల్లో ఒక కోటు కొన్నాను, స్టైపెండ్‌లో మూడో వంతు పోయింది. ఆ వారం నుంచి "బొంజోర్నో దొత్తొరెస్సా" అని, అంటే చదువుకున్న ఆవిడకి చెప్పే నమస్కారంతో, పలకరించడం మొదలైంది. మనిషిని నేనే, మొహం అదే, రంగు అదే. మీరు డాబు అంటున్నది నాకు ఉదయం ఎనిమిదింటికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా బయటికి వెళ్లే టికెట్టు.

లిల్_చలి
అక్కా 🙏

సుబ్బు_స్టుట్‌గార్ట్
బాధగానే ఉంది మేడమ్. కానీ ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. నిజంగా మూడో అంతస్తులో పనికొచ్చే ఆవిడకి, ఏ రొమేనియా నుంచో పెరూ నుంచో వచ్చిన ఆవిడకి, బొంజోర్నో అక్కర్లేదా? మీరు కోటు కొని ఆ వరసలోంచి బయటపడ్డారు. వరస అలాగే ఉంది.

తూర్పుగాలి
నేను ఆవిడకి రోజూ చెప్పేదాన్ని బొంజోర్నో. మీరు స్టుట్‌గార్ట్‌లో కూర్చుని నాకు నీతులు చెప్పకండి. అలసిపోయి కోటు కొనుక్కుంటే తప్పా? సమాజాన్ని మార్చే బాధ్యత కూడా ఊదా జాకెట్ వేసుకున్న అమ్మాయిదేనా?

గుండ్లకమ్మ
సుబ్బన్నా ఇది ఎక్కువైంది.

చావడి_పెద్ద
ఇద్దరూ కాస్త నెమ్మది. వ్యక్తిగతంగా వెళ్తే ఈ చర్చ మూసేస్తాను.

సుబ్బు_స్టుట్‌గార్ట్
మూసేయకండి. నాదీ చెబుతాను.

ఆరేడేళ్ల క్రితం ప్రాజెక్టు పని మీద మిలాన్ వెళ్లాను, నాతో ఒక జర్మన్ సహోద్యోగి. ఇద్దరికీ ఒకే కంపెనీ జాకెట్, రంగులో మాత్రం తేడా. సాయంత్రం ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులు అమ్మే ఒక పెద్ద కొట్టుకి వెళ్లాం, ఇద్దరి భార్యలూ ఏదో తెమ్మన్నారు. సెక్యూరిటీ అతను రెండు అంతస్తులు నా వెనకే తిరిగాడు. నేను ఆగితే ఆగాడు. మావాడి జోలికి వెళ్లలేదు, వాడి వీపున నాకంటే పెద్ద బ్యాగు ఉంది. మావాడు గమనించనే లేదు, బయటికొచ్చాక చెబితే "నీకు అలా అనిపించిందేమో" అన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు మీటింగ్‌కి బ్లేజర్ వేసుకున్నాను. తిరిగొస్తూ, ఎందుకో తెలీదు, ఒక్కణ్నే మళ్లీ అదే కొట్టుకి వెళ్లాను. ఎవడూ వెంటపడలేదు. కుర్చీ వేసి కూర్చోమన్నారు, కాఫీ ఇస్తామన్నారు. నాకు ముందురోజు కంటే ఆ రోజు ఎక్కువ మండింది. ఏమీ కొనకుండా వచ్చేశాను, ఇంట్లో దానికి వేరే గొడవ.

తూర్పుగాలి
అంటే పని చేసింది. బ్లేజర్ పని చేసింది.

సుబ్బు_స్టుట్‌గార్ట్
చేసింది. అందుకే వేసుకోను.

తూర్పుగాలి
అందుకే నేను వేసుకుంటాను.

కాలువగట్టు
…

లిల్_చలి
నాకు ఇద్దరి మాటా సరైనదే అనిపిస్తోంది, అదే చిరాగ్గా ఉంది. రేపు ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి ఏం వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

తూర్పుగాలి
నలుపు ప్యాంటు, తెల్ల చొక్కా. ఇస్త్రీ చేసుకో తల్లీ.

సుబ్బు_స్టుట్‌గార్ట్
ఇస్త్రీ దాకా ఒప్పుకుంటాను.

కృష్ణలంక_కుర్రాడు
జాకెట్ గురించి అడిగితే ఇంతదూరం వచ్చింది, క్షమించండి. మా ఆవిడ మొత్తం చదివింది. ఇద్దరినీ మిలాన్‌లో భోజనానికి పిలవమంటోంది, సుబ్బు గారు ఏ బట్టలతో వచ్చినా సరేనట. నేను జాకెట్ తెచ్చుకుంటున్నా, ఆఫీసుకి మాత్రం బ్యాగులో మడిచి పెట్టుకుంటా. కోటు జనవరిలో చూస్తాం. మొన్న వెళ్లినప్పుడు తనకోసం ఒక కొట్టులో చూస్తే ట్యాగుల మీద 42, 44 అని ఉన్నాయి. ఇక్కడ తనది 36. ఫోటో పంపితే కంగారు పడింది, అంత పెద్ద సైజులా అని.

తూర్పుగాలి
జర్మనీ 36 అంటే ఫ్రాన్స్‌లో 38, ఇటలీలో 42. ఒళ్లేమీ పెరగలేదని చెప్పండి. మీ బ్లేజర్ సైజు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే, మగవాళ్లకి మార్చరు.

గుండ్లకమ్మ
అక్కడ కూడా మగాళ్లకే సుఖం.