బొమ్మలు ఊహించుకోమంటూ పదాలు నేర్పే యాప్‌లు పనిచేస్తాయా?

కొత్తజర్మన్:
జర్మన్ నేర్చుకుంటున్నాను. యాప్‌లో జర్మన్ పదమున్న కార్డు చూడగానే అర్థం తడుతుంది, మాట్లాడాల్సి వస్తే ఒక్క పదమూ నోటికి రాదు. మళ్లీ చూడాల్సిన కార్డులు కుప్పలా పెరిగి యాప్ తెరవాలంటేనే టెన్షన్. పదానికో బొమ్మ ఊహించుకోమంటారు కదా, అది మేలా?

పాతకార్డులు:
రెండూ వేర్వేరు పనులండీ. బొమ్మ పదాన్ని మొదటిసారి బుర్రలోకి ఎక్కిస్తుంది. 1975లో అట్కిన్సన్, రా (Raugh) అనే పరిశోధకులు రష్యన్ పదాలతో పరీక్షిస్తే మంచి ఫలితమే వచ్చింది. నిలబెట్టేది మాత్రం విరామాలిచ్చి మళ్లీ మళ్లీ అడగడమే. 1970లలో లైట్నర్ అనే ఆయన పెట్టెలో అరలు చేసి, గుర్తున్న కార్డుల్ని ఆలస్యంగా చూసే అరలోకి జరిపినట్టే, ఇప్పుడు అంకీ లాంటి యాప్‌లు ఏ కార్డు ఎప్పుడు అడగాలో లెక్కగట్టి చూపిస్తున్నాయి.

కుప్ప తగ్గేదాకా కొత్త కార్డులు ఆపేయండి. తెలుగు చూసి జర్మన్ చెప్పే కార్డులు కూడా పెట్టండి; గుర్తుపట్టడం వేరు, నోటికి రావడం వేరు. నేను విడి పదం పెట్టను, చిన్న వాక్యం, దాని ఆడియో. లింగాలు మూడు కాబట్టి పుంలింగానికి మంట, స్త్రీలింగానికి నీళ్లు, నపుంసకానికి మంచు కలిపి ఊహిస్తాను. జర్మన్‌లో కుర్చీ పుంలింగం, నా తలలో అదెప్పుడూ కాలుతూనే ఉంటుంది పాపం!

చదువరి:
‘అయినప్పటికీ’ లాంటి వాటికి బొమ్మ ఎక్కడ తెస్తాం? అవి చదువుతూ పట్టుకోవాల్సిందే. యాప్ ఇచ్చే రెడీమేడ్ బొమ్మలు కూడా నాకు అతకవు.

కొత్తజర్మన్:
సరేనండీ, కొత్తవి ఇవాళే ఆపేస్తా. ఆడియో మీరే రికార్డు చేస్తారా?

పాతకార్డులు:
లేదండీ, నా ఉచ్చారణే నాకు అలవాటైపోతుంది. జర్మన్లు మాట్లాడిందే పెడతాను.