స్టేజి మీద వాన వేస్తే డైలాగులు మునిగిపోతున్నాయి

ప్రశ్న:
నాలుగేళ్లుగా రేడియో నాటకాలకు సౌండ్ చేస్తున్నాను, స్టేజి నాటకం ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. రెండో సీను ఇరవై నిమిషాలూ బయట వాన పడుతూనే ఉండాలి. హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండంగా ఉంది, తీరా హాల్లో వేస్తే మాటలు వినపడట్లేదంటారు, తగ్గిస్తే వాన ఏదీ అంటారు. పైగా టేబుల్ మీది ఫోన్ మోగాల్సింది గోడ మీది పెద్ద స్పీకర్లలో మోగుతోంది, నటుడు ఇక్కడ ఫోన్ ఎత్తుతుంటే ముందు వరసల్లో వాళ్లు అటు తిరిగి చూస్తున్నారు. రిహార్సల్స్ నాలుగే మిగిలాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
రేడియోలో వానే సెట్టండీ, అది ఆగితే ఇల్లే మాయమైపోతుంది. స్టేజి మీద అలా కాదు, కిటికీ కనిపిస్తోంది, తడిసిన గొడుగు కనిపిస్తోంది, సగం పని కళ్లే చేసేస్తాయి. సీను మొదట్లో ఓ పదిహేను సెకన్లు గట్టిగా కురవనివ్వండి, మొదటి డైలాగుకి కొంచెం దించి, ఆ తర్వాత ఇంకో నిమిషం పాటు ఎవరూ పసిగట్టలేనంత నెమ్మదిగా దించుకుంటూ పోండి. ఎవరైనా తలుపు తీసినప్పుడు మళ్లీ పెంచండి, అంతే, వాన కురుస్తూనే ఉందని జనం నమ్ముతారు. వాన శబ్దం కింది నుంచి పై దాకా అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ పరుచుకుని ఉంటుంది, హల్లులు స్పష్టంగా తెలిసేదేమో ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, కాబట్టి ఈక్యూలో, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించే కంట్రోల్‌లో, అక్కడ కొంచెం తగ్గించండి.

జవాబు 2:
ఈక్యూ తర్వాత చూసుకోవచ్చు, ముందు స్పీకర్ జాగా మార్చండి. కిటికీ వెనక ఒకటి పెట్టి వానంతా అందులోంచే పంపితే మాటలూ వానా ఒకే చోటి నుంచి రావు, చెవి రెంటినీ విడదీసుకుంటుంది. ఫోన్‌కి టేబుల్ కింద చిన్న స్పీకర్ చాలు. హాలు మధ్యలో స్పీకర్లుండి, నటుల మైకులు వాటిలోకీ వెళ్తుంటే డిలే పెట్టడం, అంటే ఆ స్పీకర్లలో శబ్దాన్ని కాస్త ఆలస్యంగా పంపడం, మర్చిపోకండి. శబ్దానికి మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, స్టేజికి 15 మీటర్ల దూరంలో స్పీకర్ ఉంటే 45, దాని మీద ఇంకో పది కలపండి. ముందు ఎటు నుంచి వినపడితే అటు నుంచే వస్తోందని మన చెవి అనుకుంటుంది మరి.

జవాబు 3:
రేడియో అలవాటు ఇంకోటి, వానా ఉరుమూ ఫోనూ అన్నీ కలిపి ఒకే ఫైలుగా మిక్స్ చేసి తెచ్చేయడం. నేనూ చేశాను, ఒక షోలో నటుడు డైలాగు మర్చిపోయి ఆగాడు, నా ఫోన్ మాత్రం టైముకి మోగేసింది. విడివిడి క్యూలు పెట్టుకోండి, అంటే ఒక్కో శబ్దాన్నీ దాని సమయానికి ఆపరేటర్ విడిగా వేసేలా. రింగు లూపులో తిరుగుతూ ఉండాలి, ఆపరేటర్ నటుడి చెయ్యి చూసి ఆపాలి, స్క్రిప్టు చూసి కాదు. వాన లూపులో ఉరుము మాత్రం ఉంచొద్దు, రెండోసారి అదే ఉరుము వచ్చిందంటే దొరికిపోతాం.

ప్రశ్న అడిగినవారు:
కిటికీ వెనక స్పీకర్ పెట్టి చూశాను, చాలా తేడా వచ్చింది. నిన్న డైరెక్టరు గారు "ఇప్పుడు సరిపోయింది వాన" అన్నారు, నిజానికి అప్పటికి పొరపాటున వాన ఫేడర్ (సౌండ్ పెంచి తగ్గించే మీట) మొత్తం దించేసి ఉన్నాను. చెప్పలేదు లెండి. ఫోన్ స్పీకర్ వైరు నటుల కాళ్లకి తగులుతోంది, బ్లూటూత్‌ది పెట్టొచ్చా?

జవాబు 2:
వద్దు. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, ఫోన్ ఎత్తేశాక కూడా ఇంకాస్త మోగుతుంది. వైరుని కార్పెట్ కింద నుంచి లాగి టేపు వేసేయండి.