సమస్యాపూరణం: ‘పదియు మూడు చేర భాగ్యమబ్బు’

సమస్యాపూరణమంటే ఇచ్చిన పాదానికి తగ్గట్టు మిగతా పద్యం అల్లడం. ఈ వారం సమస్య, నాలుగు పాదాల పద్యమైన ఆటవెలదిలో నాలుగో పాదం:

పదియు మూడు చేర భాగ్యమబ్బు

పదమూడంటే బెదురు మనకు పుట్టుకతో వచ్చింది కాదు. పడమటి దేశాల నుంచి క్యాలెండరుతో పాటు వచ్చి, కొన్ని లాడ్జీల్లో పన్నెండు పక్కన ‘12ఏ’ గదిగా స్థిరపడింది. మన పంచాంగంలో త్రయోదశికి ఏ నిందా లేదు. తిరుపతి కపిలతీర్థంలో ప్రదోషవేళ నంది ముందు చేరే జనం ఆ తిథి కోసమే ఎదురు చూస్తారు. ధనత్రయోదశికి నగల కొట్ల ముందు నిలబడటానికి చోటుండదు. అందుకే ఈ పాదం ఇచ్చాను. కోరిక ఒక్కటే: మీకు నిజంగా ఎదురైన పదమూడు ఏదో ఒకటి పద్యంలో కనబడాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మరో చోటి అక్షరం ధ్వనిలో జత కుదరడం) నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరానికి. దాని బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలపడం, వేసినా సరే.

చంద్రగిరి నుంచి ఒక తల్లి

హాలుటికెటు మీద నంకె పదియు మూడు
చూచి పాప కనుల నీరు కారె
ఫలిత మందు జూడ బదమూడు ర్యాంకాయె
పదియు మూడు చేర భాగ్యమబ్బు

మా పాపకు జరిగిందే రాశాను. నంబరు చివర 13 ఉందని రాత్రంతా ఒకటే టెన్షన్. తప్పులుంటే చెప్పండి సార్, పద్యం రాయడం ఇదే మొదలు.

నిర్వాహకుడు: అమ్మా, మొదటి పద్యానికి గణాలు ఇంత శుభ్రంగా పడటం చాలా గొప్ప. రెండో పాదంలో యతి ఒక్కటే తప్పింది. ‘చూ’కు ‘నీ’ కుదరదు. ‘చూచి పాప కనుల జోరు వాన’ అనండి. చూ–జో యతి సరిపోతుంది, ఏడుపు కూడా ఇంకాస్త బాగా కనబడుతుంది. ‘టికెటు’, ‘ర్యాంకు’ పద్యంలో ఉండొచ్చా అని ఒకరు అడిగారు. ఇంట్లో అనే మాట పద్యంలోకి రాకపోతే ఈ ఆట ఎన్నాళ్లు నిలుస్తుంది? నాకు అభ్యంతరం లేదు. పాపకు మా అందరి ఆశీస్సులు.

చిత్తూరు నుంచి ఒక విశ్రాంత తెలుగు పండితులు

రామ నామ జపము రక్షించు మనలను
శ్రీయు జయము రామ చేర్చి చూడ
అక్కరముల నెల్ల నచ్చముగా నెంచ
పదియు మూడు చేర భాగ్యమబ్బు

‘శ్రీరామ జయరామ జయజయరామ’. వేళ్ల మీద లెక్కపెట్టండి నాయనా, సరిగ్గా పదమూడు. త్రయోదశాక్షరి అని పెద్దలు జపించేది దీన్నే. పదమూడు చెడ్డదైతే ఈ మంత్రం ఎలా వచ్చింది?

నిర్వాహకుడు: మాస్టారూ, నమస్కారం. రెండో పాదంలో శ్రీ–చే యతి వేసిన తీరు చూసి కొత్తవాళ్లు నేర్చుకోవాలి. శకారానికి చకారంతో చెల్లుతుంది, ఈ–ఏ స్వరాలకూ మైత్రి ఉంది. ఒక్క విన్నపం. ‘చూడ’ ద్రుతాంతం (చివర నకారం దాగిన మాట) కనుక తర్వాతి పాదం ‘అక్కరముల’ అని అచ్చుతో మొదలైతే విసంధి (కలవాల్సిన చోట సంధి తెగడం). ‘నక్కరముల’ అంటే సంధి నిలుస్తుంది, యతికీ ఇబ్బంది లేదు.

పండితులు: ఒప్పుకుంటున్నాను. ‘నక్కరముల’ అని దిద్దుకోండి.

సూళ్లూరుపేట నుంచి ఒక సభ్యుడు

నింగి కేగు తేరు నెంబరు మార్చిరి
పదియు రెండు పిదప పదియు నాల్గు
వెఱపు దేనికయ్య వేంకటపతి చెంత
పదియు మూడు చేర భాగ్యమబ్బు

మా ఊరి పక్కనే శ్రీహరికోట. 2009 ఏప్రిల్‌లో పీఎస్‌ఎల్‌వీ-సీ12 ఎగిరింది, సెప్టెంబర్‌లో సీ14 ఎగిరింది. సీ13 అన్నది లేనే లేదు. జీఎస్‌ఎల్‌వీలో కూడా ఎఫ్12 తర్వాత ఎఫ్14 వచ్చింది. 2022 నుంచి శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది కదా, ఇకనైనా ఆ నంబరు వాడాలని నా కోరిక.

చంద్రగిరి తల్లి: అపోలో-13కు ప్రమాదం జరిగింది కదా తమ్ముడూ, అందుకేనేమో.

సూళ్లూరుపేట సభ్యుడు: జరిగింది అక్కా. 1970 ఏప్రిల్ 11న, హ్యూస్టన్ గడియారంలో 13 గంటల 13 నిమిషాలకు బయల్దేరింది. 13వ తేదీన ఆక్సిజన్ ట్యాంకు పేలింది. కానీ 17న ముగ్గురూ క్షేమంగా దిగారు. చంద్రుడి దాకా వెళ్లి, ట్యాంకు పోయిన ఓడలో ప్రాణాలతో తిరిగి రావడం కంటే భాగ్యం ఏముంటుంది?

నిర్వాహకుడు: ఈ జవాబే ఒక పద్యానికి సరిపోతుంది, రాయండి. పూరణలో ని–నె, వె–వే యతులు రెండూ బాగున్నాయి. రాకెట్టును ‘నింగి కేగు తేరు’ అనడం నాకు బాగా నచ్చింది. రెండో పాదంలో క్రియ లేకుండా ఉత్త అంకెలతో కథ నడిపించారు, అది ఇంకా నచ్చింది.

తిరుచానూరు నుంచి ఒక గృహిణి

శుక్రవారమందు సొంపుగా నభిషేక
మందు వేల్పు కలడు మనకు దోడు
తేది యేది యైన దిరుపతి జనులకు
పదియు మూడు చేర భాగ్యమబ్బు

పదమూడో తేదీ శుక్రవారం పడితే మరీ చెడ్డదట. తిరుమలలో మూలవిరాట్టుకు అభిషేకం చేసేది శుక్రవారమే. ఆ రోజు చెడ్డదని మా వీధిలో ఎవరితోనైనా అని చూడండి, ఊరుకుంటారేమో!

నిర్వాహకుడు: మేడమ్, ‘అభిషేకమందు’ను రెండు పాదాలకు పంచి, ‘శుక్రవారమందు’లోని ‘అందు’ను విభక్తిగా, ఇందులోని ‘అందు’ను క్రియగా (పొందు అని) వాడారు. ఎక్కడా తడబడలేదు. ‘పదమూడో తేదీ’ అని విడిగా చెప్పలేదని ఒకరి ఫిర్యాదు. ‘తేది యేది యైన’ అన్నాక సమస్యలోని సంఖ్య దానికే అన్వయిస్తుందని నా అభిప్రాయం.

చిత్తూరు నుంచి ఒక లెక్కల లెక్చరర్: శుక్రవారం మాట వచ్చింది కనుక చెబుతున్నా. మన గ్రెగోరియన్ క్యాలెండరు 400 ఏళ్లకోసారి తిరిగి మొదటికి వస్తుంది. అందులో 4800 నెలలు. పదమూడో తేదీ ఎక్కువసార్లు పడేది శుక్రవారమే, 688 సార్లు. ఆ రోజు పడని సంవత్సరమే ఉండదు. 2026లో అయితే ఫిబ్రవరి, మార్చి, నవంబర్, మూడు సార్లు. ఇన్నిసార్లు వచ్చేదాన్ని అరుదైన అపశకునం అని ఎలా అంటాం?

నిర్వాహకుడు: బండి నంబర్లతో వచ్చిన పూరణలు పక్కన పెట్టాను. అంకెలు కూడి, చాలకపోతే ఒకటి తీసేసి, ఎలాగోలా పదమూడు రప్పించారు. అంత లాగితే ఏ నంబరుకైనా వస్తుంది. జిల్లాల మీద వచ్చినది మాత్రం ముచ్చటగా ఉంది: విభజన తర్వాత రాష్ట్రానికి 13 జిల్లాలు, 2022 ఏప్రిల్ 4న అవి 26, అంటే రెండు పదమూళ్లు. యతి దిద్ది మళ్లీ పంపమన్నాను.

పుత్తూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: సార్, గురులఘువులు (రెండు మాత్రల, ఒక మాత్ర అక్షరాలు) గుర్తించడం ప్రాక్టీసు చేస్తూ ఇక్కడి పాదాల్లో అక్షరాలు లెక్కపెట్టాను. పండితుల వారి ‘నక్కరముల నెల్ల నచ్చముగా నెంచ’లో పదమూడు అక్షరాలున్నాయి! అక్షరాలు సరిగా లెక్కపెట్టమన్న పాదంలోనే! సూళ్లూరుపేట అన్న పద్యంలో ‘పదియు రెండు పిదప పదియు నాల్గు’ కూడా పదమూడే. పదమూడును దాటేసిన పాదంలో అదే వచ్చి కూర్చుంది. శుక్రవారం పద్యం మొదటి పాదం కూడా అంతే. మూడూ మళ్లీ మళ్లీ లెక్కపెట్టి చూశాను.

పండితులు: తల్లీ, నేను లెక్కపెట్టి రాసింది కాదమ్మా అది. నీ కన్ను చల్లగుండ!

లెక్కల లెక్చరర్: నాకూ సంతోషమే. కానీ లెక్క కూడా చూద్దాం. సూర్యగణానికి రెండు లేక మూడు అక్షరాలు, ఇంద్రగణానికి మూడు లేక నాలుగు. కాబట్టి మూడు సూర్య, రెండు ఇంద్ర గణాలుండే ఆటవెలది బేసి పాదం 12 నుంచి 17 అక్షరాల దాకా, ఐదు సూర్యగణాల సరి పాదం 10 నుంచి 15 దాకా ఉండొచ్చు. పదమూడు రెండింటికీ అందుతుంది. వెతికితే దొరకడంలో వింత లేదు.

నిర్వాహకుడు: లెక్చరర్ గారి లెక్క ఒప్పే. అయినా పదమూడు పడగల పాదాలు ఎన్నో ఉండగా, అక్షరాలు ఎంచమన్న పాదంలోనూ, పదమూడును తప్పించిన పాదంలోనూ అది పడటం నాకు పండుగలా ఉంది. ఈ వారం మొదటి మెచ్చుకోలు లెక్కపెట్టిన అమ్మాయికే, పద్యం రాయకపోయినా. పూరణల్లో నా ఓటు సూళ్లూరుపేటకు.

ఛందస్సులో పాదానికి పదమూడు అక్షరాలుండే వృత్తాల వర్గాన్ని అతిజగతి అంటారు. ప్రహర్షిణి, మంజుభాషిణి ఆ ఇంటివే. వచ్చే వారం మంజుభాషిణి: స, జ, స, జ గణాలు, చివర గురువు, తొమ్మిదో అక్షరం యతి. ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం) దకారం. సమస్య ఇదీ:

పదమూడు చూచి భయపాటదేటికిన్

పుత్తూరు అమ్మాయి ఈసారి లెక్కపెట్టడంతో ఆగకుండా పూరణ కూడా పంపాలి.