చెల్లికి 'లోకస్ స్టాండై' లేదని రాయడం సరైనదేనా?

పొలంగట్టు: 1998లో నాన్న, అన్నయ్య, నేను భూమి పంచుకుని పార్టిషన్ రిజిస్టర్ చేయించుకున్నాం. ఇప్పుడు చెల్లెలు వాటా కోసం దావా వేసింది. మా వకీలుగారు జవాబులో 'వాదికి లోకస్ స్టాండై లేదు' అని రాశారు. ఆ మాట సరిగ్గా వాడినట్టేనా?

పాతగుమాస్తా: కాదు. ముప్పై ఏళ్లు వకీళ్ల దగ్గర ప్లెయింట్లు, అంటే దావా పత్రాలు, టైపు కొట్టినవాణ్ణి. 'అడగడానికి నువ్వెవరు?' అన్నది లోకస్. 'నీకేం అన్యాయం జరిగింది?' అన్నది వ్యాజ్య కారణం, అంటే కాజ్ ఆఫ్ యాక్షన్. అది ప్లెయింట్‌లో కనిపించకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 7 రూల్ 11 కింద తిరస్కరించమనొచ్చు. కూతురికి అడిగే అర్హత ఎప్పుడూ ఉంటుంది. వాటా రాకపోతే కేసు ఓడినట్టు, అంతే.

చెరువుకట్ట: 1981లో సుప్రీంకోర్టు ఎస్.పి. గుప్తా కేసు తీర్పుతో లోకస్ పట్టింపు సడలింది కదండీ? మా చెరువు కబ్జా మీద అడిగితే ఇప్పటికీ 'నీకేం సంబంధం' అంటున్నారు.

పాతగుమాస్తా: అది పిల్, అంటే ప్రజాప్రయోజన వ్యాజ్యం సంగతి బాబూ. ఇది ఇంటి పొలం.

అక్షరపిచ్చి: స్టాండై కాదు, స్టాండీ. లాటిన్ మాట.

పొలంగట్టు: 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పార్టిషన్‌ను కూతుళ్లకు సమాన వాటా ఇచ్చిన 2005 హిందూ వారసత్వ చట్ట సవరణ ముట్టుకోదు. హక్కే లేనప్పుడు లోకస్ ఎక్కడిదండీ?

పాతగుమాస్తా: మళ్లీ రెండూ కలిపేశారు!

నడిపమ్మాయి: అన్నా, ఆ పంపకంలో నాన్నగారికి వచ్చిన వాటా ఏమైంది?

పొలంగట్టు: నాన్న పోయి రెండేళ్లయింది. వీలునామా రాయలేదు. నేనే సాగు చేస్తున్నా.

నడిపమ్మాయి: అసలు సంగతి అది! ఆ వాటా మీ ముగ్గురికీ, అమ్మ ఉంటే ఆమెకూ సమానంగా వస్తుంది. మా అన్నలు నాకు పట్టుచీర పెట్టి కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఏం కాగితమో ఇంటికొచ్చాక తెలిసింది.

పొలంగట్టు: మీ అన్నల తప్పు నా నెత్తిన రుద్దకండి. దాని పెళ్లికి రెండెకరాలు అమ్మాం. నాన్న మంచాన పడ్డ మూడేళ్లు ఎత్తిపోసింది నా భార్య. ఇది సంక్రాంతికి వచ్చి అరిసెలు కట్టించుకుని పోయేది.

పాతగుమాస్తా: ఆ బాధ నిజమే అయ్యుండొచ్చు. కట్నం ఇచ్చామని వారసత్వం మాత్రం పోదు.

నడిపమ్మాయి: అమ్మ ఏమంటోంది?

పొలంగట్టు: చెల్లి తరఫున సాక్ష్యం చెబుతానంటోంది.