‘ప్రమాదం లేని రోజులు’ బోర్డు: ప్రాణం కాపాడుతుందా, దెబ్బను దాచిపెడుతుందా?

పాత ఓవర్‌మన్ (మంచిర్యాల)

నేను ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్టు పర్యవేక్షకుడిగా, పనిచేసిన బొగ్గుగనిలో హాజరు వేసే మస్టర్ గదికి ఎదురుగా ఒక బోర్డు ఉండేది. ‘ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు’ అని తెల్ల అక్షరాలు, అంకె రాయడానికి మధ్యలో నల్లపలక. రోజూ ఉదయం షిఫ్టులో ఒకతను సుద్దముక్కతో ఒక అంకె పెంచేవాడు. 365కు చేరితే అందరికీ బహుమతి. ఆ ఏడాది గోడ గడియారం ఇస్తామన్నారు.

341వ రోజు, రెండో షిఫ్టు. బొగ్గు మోసే టబ్బులకు కొక్కెం తగిలిస్తుండగా ఒక కుర్రాడి ఎడమచేతి ఉంగరం వేలు మధ్యలో పడి నలిగింది. గుడ్డ చుట్టి నా దగ్గరికి తీసుకొచ్చారు. అతను ఏడవలేదు. ‘సార్, నా వల్ల బోర్డు పోతుందా?’ అని అడిగాడు. చుట్టూ పన్నెండు మంది. అందరి క్యాప్‌ల్యాంపుల వెలుగూ నా ముఖం మీదే. అప్పటి గనుల చట్టం ప్రకారం మనిషి 72 గంటలు, అంతకు మించి పనికి రాలేని దెబ్బ అయితే పైకి తెలియజేయాల్సి ఉండేది. ఆ లెక్కకు దొరకకుండా ఎలా తప్పించుకుంటారో ఆ పని చేసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. దెబ్బ తగిలినవాణ్ణి మర్నాడు రప్పించి, మస్టర్ వేయించి, లాంపు రూములో కూర్చోబెడతారు. ‘ఇంట్లో రోలు జరుపుతుంటే పడిందని చెప్పు’ అన్నది వేరెవరో కాదు, నేనే.

వారానికి వేలు చీము పట్టింది. పై కణుపు తీసేశారు. ఆ కొక్కెం పిన్ను అరిగిపోయి ఉందన్న సంగతి ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు, కాబట్టి ఎవరూ మార్చలేదు. గడియారాలు పంచిన నెలకే అదే టబ్బు దగ్గర ఇంకొకరి అరచేయి నలిగింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా మనవడు ఈమధ్య ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరాడు. గేటు దగ్గర అదే బోర్డు, కాకపోతే ఎర్ర దీపాల అంకెలతో. సంబరంగా ఫోటో పంపాడు. ఆ బోర్డు ఉండాలా, తీసేయాలా? మీ అనుభవంతో చెప్పండి.

షిఫ్టు ఇన్‌ఛార్జి (అచ్యుతాపురం)

పెద్దాయనా, నిజం ఒప్పుకున్నందుకు ముందుగా నమస్కారం. కానీ మీరు చెప్పినదాంట్లో తప్పు గడియారానిది, బోర్డుది కాదు.

నేను రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. అంకె లేని చోట పై వాళ్లు వినరు. ‘రియాక్టర్ల దగ్గర ఎగ్జాస్టు సరిగా లేదు’ అని మూడుసార్లు చెబితే తలూపుతారు. ‘ఈ ఏడాది ఏడుగురికి కళ్లు మండి ఆస్పత్రికి వెళ్లారు’ అంటే అప్పుడు ఫైలు కదులుతుంది. లెక్క తీసేస్తే నా చేతిలో ఉన్న ఒక్క ఆయుధం కూడా పోతుంది.

అమెరికాలో అల్యూమినియం కంపెనీ ఆల్కోవాకు 1987లో పాల్ ఓనీల్ అధిపతిగా వచ్చాడు. వాటాదారుల ముందు మొదటి ప్రసంగంలోనే లాభాల ఊసెత్తకుండా కార్మికుల భద్రత గురించి మాట్లాడాడు. లక్ష్యం సున్నా దెబ్బలు అన్నాడు. దెబ్బల వల్ల పనిరోజులు పోగొట్టుకునే రేటు అప్పుడు నూరు మంది కార్మికులకు 1.86 ఉండేది, 2000 నాటికి 0.2కు దిగింది. అదీ అంకె పెట్టుకునే సాధించాడు. మెక్సికోలో ఒక ప్లాంటులో కార్మికులు వాయువు పీల్చి అస్వస్థులైతే, ఆ విషయం పైకి చెప్పని సీనియర్ అధికారిని ఇంటికి పంపించేశాడు. అక్కడ శిక్ష పడింది దాచినందుకు. మీ గనిలో దాచినవాళ్లకు గడియారం ఇచ్చారు.

హ్యూస్టన్ నుంచి

ఆల్కోవా ఉదాహరణ బాగుంది. కానీ దెబ్బలన్నీ ఒక జాతివి కావు, తమ్ముడూ. జారిపడటం, వేలు నలగడం ఒక రకం. ప్లాంటు ప్లాంటే లేచిపోవడం మరో రకం. బోర్డు లెక్కపెట్టేది మొదటిదాన్ని. చంపేది రెండోది.

నేను ఉండే ఊరికి గంట ప్రయాణం టెక్సస్ సిటీ. 2005 మార్చి 23న అక్కడి బీపీ రిఫైనరీలో పేలుడు జరిగి 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లు ఆ యూనిట్ పక్కన నిలిపిన ట్రైలర్లలోనూ చుట్టుపక్కలా ఉన్న కాంట్రాక్టు మనుషులు. నెల రోజులు ఎవరికీ పనిరోజు పోయేంత దెబ్బ తగల్లేదని ఆ మధ్యాహ్నమే విందు చేసుకున్నారు. విందు నుంచి తిరిగొచ్చి కూర్చున్నారు, అంతే.

లోపల జరిగింది ఇది. చమురు ద్రవాలను వేరుచేసే 170 అడుగుల టవరు. మామూలుగా అడుగున ఆరేడు అడుగుల ద్రవం ఉండాలి. యూనిట్‌ను మళ్లీ నడిపించేటప్పుడు నింపుతూ పోయారు, 158 అడుగులదాకా. లెవెల్ మీటరు చూడగలిగేది అడుగున ఉన్న కొద్ది అడుగులనే. పైగా అది తప్పుగా పనిచేస్తూ, టవరు నిండుతున్నకొద్దీ మట్టం తగ్గుతోందని చూపించింది. మట్టం మరీ పెరిగితే మోగాల్సిన రెండో అలారం మోగలేదు. ఎప్పుడు స్టార్ట్ చేసినా నిబంధన కంటే ఎక్కువ నింపడం అక్కడ చాలాకాలంగా మామూలైపోయింది. అన్నిసార్లూ ఏమీ కాలేదు కాబట్టి అది తప్పు అనిపించడమే మానేసింది.

2010 ఏప్రిల్ 20న సముద్రంలో చమురు బావి తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది పోయినప్పుడూ ఇదే కథ. ఏడేళ్లు పనిరోజు పోయేంత దెబ్బ లేదని మెచ్చుకోవడానికి వచ్చిన పెద్దలు ఆ రోజు ఆ రిగ్గు మీదే ఉన్నారు.

లోకో పైలట్ (కాజీపేట)

ఇక్కడ అందరూ శిక్ష వద్దనే వైపు నడుస్తున్నారు, నేను ఎదురు చెబుతాను. డేంజర్ సిగ్నల్ దాటినవాణ్ణి ‘నిజం చెప్పావు, శభాష్’ అంటామా? వెనక వెయ్యి మంది నిద్రపోతుంటారు. మాకు ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. అర్ధరాత్రి రెండున్నరకు కళ్లు తెరిపించేది ఆ భయమే. టీ వల్ల కాదు, ఆ సమయానికి టీ ఎలాగూ చల్లారిపోయి ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. సిగ్నల్ కనపడగానే నేనూ అసిస్టెంటూ ఇద్దరం చెయ్యెత్తి రంగును గట్టిగా పిలుస్తాం. కొత్తవాళ్లు మొదట సిగ్గుపడతారు. జపాన్ రైల్వేలో వేలెత్తి చూపుతూ పైకి పలకడం మీద 1994లో పరీక్ష చేశారు. ఏమీ చేయకపోతే నూరు పనుల్లో 2.38 తప్పులు, చూపి పలికితే 0.38. మా అసిస్టెంటు నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. అతను పసుపు అని, నేను ఆకుపచ్చ అంటే, నా చెయ్యి బ్రేకు మీదికే వెళ్తుంది. ఎవరు పెద్ద అన్నది ఆ తర్వాత మాట్లాడుకుంటాం.

స్టాఫ్ నర్సు (హైదరాబాద్)

అన్నా, మీరు ఒకే పోస్టులో రెండు వేర్వేరు మాటలు చెప్పారు. పై పేరాలో భయం కాపాడుతుంది అన్నారు. కింద పేరాలో చిన్నవాడు భయపడకుండా మీకు ఎదురు పలకడం కాపాడుతుంది అన్నారు. ఏది నిజం?

మా రంగం సంగతి చెబుతాను. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రి వార్డుల్లో మందుల తప్పులను లెక్కించింది. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లో తప్పులు తక్కువ ఉంటాయని అనుకుంది. లెక్క తిరగబడింది, ఎక్కువ ఉన్నాయి! 1996లో ఆ పరిశోధన అచ్చయింది. ఆమె చెప్పిన కారణం ఏమిటంటే, ఆ వార్డుల్లో నర్సులు తప్పును బయటికి చెబుతున్నారు. మిగతాచోట్ల రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది.

నేను రెండు చోట్ల పనిచేశాను. మొదటి చోట హెడ్ నర్సు అరిచేది. అక్కడ మూడేళ్లలో నేను ఒక్క తప్పు కూడా రాయలేదు. చేయలేదని కాదు.

లోకో పైలట్ (కాజీపేట)

సరే చెల్లెమ్మా, పట్టుకున్నావు. కానీ మందు పొరపాటు ఒక రోగికి సంబంధించినది. అయినా నా ప్రశ్న మిగిలే ఉంది: ఫోను చూస్తూ సిగ్నల్ దాటినవాడూ, పొగమంచులో దాటినవాడూ ఒకటేనా?

హ్యూస్టన్ నుంచి

కాదు. విమానరంగం ఆ గీత గీసుకుంది. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ దగ్గర టీడబ్ల్యూఏ విమానం కొండను ఢీకొని 92 మంది పోయారు. కొన్ని వారాల ముందే మరో కంపెనీ విమానం అక్కడే అదే తప్పులో పడబోయి బయటపడింది. ఆ సంగతి టీడబ్ల్యూఏ పైలట్లదాకా రాలేదు. ఆ తర్వాత 1976లో నాసా చేతికి ఒక ఏర్పాటు అప్పగించారు. పైలటు పది రోజుల్లోపు తన పొరపాటు రాసి పంపితే, అది కావాలని చేసింది కాకపోతే, నేరం కాకపోతే, ప్రమాదం జరగకపోతే, జరిమానా నుంచి రక్షణ దొరుకుతుంది. రిపోర్టు తీసుకునేది శిక్షించే సంస్థ కాదు, అక్కడే ఉంది కిటుకు. మీ ఫోను డ్రైవరుకు ఆ రక్షణ రాదు. పొగమంచు డ్రైవరు, ఢీకొనకుండా బయటపడి రాస్తే, వస్తుంది.

కాంట్రాక్టు (పేరెందుకు)

మీరందరూ బోర్డు ఉండాలా వద్దా అంటున్నారు. మా పేర్లు అసలు ఆ బోర్డు లెక్కలోకే రావు. గత ఏడాది నా పక్కవాడు నిచ్చెన మీద నుంచి పడ్డాడు. మేస్త్రీ ఆటో ఎక్కించి ఊరికి పంపాడు. మర్నాడు బోర్డు మీద అంకె పెరిగింది. వచ్చి ‘తప్పు చెప్పు, ఏమీ అనం’ అంటే ఎలా నమ్మాలి? నన్ను తీసేయడానికి కాగితం కూడా అక్కర్లేదు. రేపు రావద్దు అంటే చాలు.

షిఫ్టు ఇన్‌ఛార్జి (అచ్యుతాపురం)

దీనికి నా దగ్గర జవాబు లేదు, అన్నా. మా ప్లాంటులోనూ అంతే.

విశాఖ, మాజీ నేవీ

ఒక ఉదంతం చెబుతాను. అమెరికా విమానవాహక నౌక కార్ల్ విన్సన్ మీద, విన్యాసాల మధ్యలో, ఒక మామూలు నావికుడికి తన పనిముట్టు ఒకటి కనిపించలేదు. డెక్ మీద పడి ఉన్న చిన్న ఇనుప ముక్క ఇంజను లోపలికి పోతే విమానం పోతుంది. అతను వెంటనే చెప్పాడు. గాలిలో ఉన్న విమానాలన్నింటినీ ఒడ్డున ఉన్న స్థావరాలకు మళ్లించారు. మొత్తం కార్యక్రమం ఆపేసి వెతికారు. ఎంత ఖర్చయి ఉంటుందో ఊహించుకోండి. మర్నాడు డెక్ మీద అందరినీ నిలబెట్టి సభ పెట్టారు, అతన్ని మెచ్చుకోవడానికి.

ఆ సభ చూసిన వేల మందిలో, రేపు పనిముట్టు పోగొట్టుకునేవాడు ఒకడు ఉంటాడు కదా. సభ అతని కోసం.

గోదావరిఖని అమ్మాయి

మా నాన్న కోల్ కట్టర్. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయినప్పుడు నేను ఆరో తరగతి. నాన్న వేరే బాయిలో ఉన్నారు, అయినా ఆ సాయంత్రం అమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు. నాన్న వచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తిన్నారు. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు షిఫ్టుకు వెళ్లారు.

అందరూ దాన్ని ధైర్యం అన్నారు. నేనూ అన్నాను, చాలా ఏళ్లు. ఇప్పుడు పెద్దాయన గారిని అడగాలనిపిస్తోంది: లోపల ‘నాకు భయంగా ఉంది, ఇక్కడ పని చేయను’ అని ఎవరైనా అనగలిగేవారా?

పాత ఓవర్‌మన్ (మంచిర్యాల)

అమ్మా, ఆ మాటతో అనేవారు కాదు. అంటే నవ్వేవాళ్లు. వేరే దారి ఉండేది.

షిఫ్టు మొదలుకాగానే గని పైకప్పును కర్రతో కొట్టి వినాలి. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే డొల్ల కుండను తట్టినట్టు బోలుగా పలుకుతుంది. నాకు సర్దారుగా, అంటే ఓవర్‌మన్ కింది పర్యవేక్షకుడిగా, పని నేర్పిన ముసలాయన ఒక చేత్తో కొట్టేవాడు, రెండో అరచేయి రాతికి ఆనించి ఉంచేవాడు. చెవికి అందనిది చేతికి తెలుస్తుందనేవాడు. మా దగ్గర ‘భయంగా ఉంది’ అనడానికి ‘కప్పు పలుకు బాగాలేదు’ అనేవాళ్లు. అలా అంటే ఎవరూ నవ్వరు. చోటు మార్చేవాళ్లు, లేదా ముందు వదులు రాయిని గడ్డపారతో దించేవాళ్లు. కొన్నిసార్లు పలుకు బాగానే ఉండేది, మనిషికే ఆ రోజు బాగుండేది కాదు. నాకు తెలిసేది. నేనూ ఒకసారి కొట్టి, ‘అవును, బాగాలేదు’ అనేవాణ్ణి. టన్నులు తగ్గితే మేనేజరు చేత తిట్లు తినేవాణ్ణి.

పైకప్పుకు ఆధారంగా నిలిపే చెక్క ప్రాప్‌లు తీసేసి ఇనుపవి తెచ్చినప్పుడు పాతవాళ్లు గొడవ చేశారు. చెక్క బరువు ఎక్కితే కిరకిరమంటుంది, పారిపోవడానికి కాస్త సమయం ఇస్తుంది. ఇనుము చాలా గట్టిది, నిజమే, కానీ మాట్లాడదు. మేనేజరు వాళ్లను చదువులేనివాళ్లన్నాడు.

పలుకు బాగాలేదంటే వినేవాణ్ణి. వేలు నలిగిందంటే మాత్రం రోలు కథ చెప్పించాను. తేడా ఏమిటా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. కప్పుకు బోర్డు లేదు.

స్టాఫ్ నర్సు (హైదరాబాద్)

ఆ కుర్రాడు ఏమయ్యాడు, పెద్దాయనా?

పాత ఓవర్‌మన్ (మంచిర్యాల)

ఓవర్‌మన్ అయ్యాడు. పోయిన సంక్రాంతికి ఇంటికి వచ్చాడు. నేను వేలు వైపు చూడకుండా మాట్లాడదామనుకున్నాను, అతను ఆ చేత్తోనే టీ గ్లాసు పట్టుకున్నాడు. తన షిఫ్టులో పిన్ను అరిగిందని ఎవరు చెప్పినా ఆ టబ్బును అక్కడికక్కడే పక్కన పెట్టిస్తాడట. దెబ్బలు మాత్రం ఇంకా ఇళ్ల దగ్గరే తగులుతున్నాయట.

గోడ వైపు చూసి, ‘మీది ఇంకా నడుస్తోందా సార్?’ అన్నాడు. అతనికీ ఒకటి ఇచ్చారు కదా. అతనిది రెండేళ్లకే ఆగిపోయిందట. మాది ఒక్క నిమిషం కూడా తేడా రాదు. దించేద్దామంటే, కొత్తది కొన్నాక దించు అంటుంది మా ఆవిడ.